దామనపల్లి తుప్పలు

మన్యం పితూరీలు: 14వ భాగం

చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. 1922 ఆగస్టు 22, 23, 24. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు ఎలా ఖాళీ అయ్యాయో పోయిన భాగంలో చెప్పుకున్నాం. అక్కడ అల్లూరి సీతారామరాజు దళం పట్టుకుపోయిన 26 తుపాకులు, రెండున్నర వేలకు పైచిలుకు తూటాలు నెల తిరిగాక ఎక్కడ పేలాయన్నది ఈ భాగం కథ. కాకపోతే ఈసారి మనుషుల గురించి కాస్త తగ్గించి, చెట్టూ చేమా గురించి ఎక్కువ చెప్పబోతున్నాను. మన్యం పోరాటాల మీద వచ్చిన పుస్తకాల్లో అడవి వెనక తెరలాగే ఉండిపోతుంది. దామనపల్లి దగ్గర మాత్రం దాన్ని ముందుకు తీసుకురాక తప్పదు.

1922 సెప్టెంబరు 24. ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలో ఉన్న దామనపల్లి ఘాటీలో ఒక పోలీసు దళం నడుస్తోంది. దానితో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులున్నారు. రాజు మనుషులు దారి పక్కన తుప్పల్లో కూర్చున్నారు. ముందు నడుస్తున్న దేశీయ పోలీసుల్ని తాకకుండా పోనిచ్చారు. వెనకవస్తున్న దొరలు గురికి అందాక కాల్చారు. ఇద్దరూ అక్కడికక్కడే చనిపోయారు. మన వాళ్లని చంపకూడదన్న రాజు కట్టుబాటుకు ఈ ఒక్క సంఘటన చాలా పెద్ద సాక్ష్యం, అందుకే చరిత్రకారులంతా దీని దగ్గర ఆగుతారు.

నేను ఆగేది ఇంకో సంగతి దగ్గర. ముందు వాళ్లను వదిలి వెనక వాళ్లను ఎంచి కాల్చాలంటే మనిషి మొహం కనబడేంత దగ్గరలో ఉండాలి. అంత దగ్గరలో ఉన్నా ముందు నడిచేవాడి కంట పడకూడదు. పెద్ద చెట్ల అడవి ఇందుకు పనికిరాదు. మాను వెనక ఒకరో ఇద్దరో దాక్కోగలరు గానీ దళం దాక్కోలేదు. ముదిరిన అడవిలో నీడ ఎక్కువ, కింద నేల ఖాళీ, చూపు దూరం పోతుంది. కావలసింది తుప్ప: నడుమెత్తు నుంచి మనిషెత్తు దాకా అల్లుకున్న పొద, లేత వెదురు, వానాకాలం గడ్డి. సెప్టెంబరు చివర మన్యంలో వానలు ఇంకా వెనకబట్టవు. ఏడాది మొత్తంలో తుప్ప చిక్కగా ఉండేది అప్పుడే.

ఆ తుప్ప ఎక్కడిది? చాలావరకు పోడుదని నా అభిప్రాయం. ఎండాకాలానికి ముందు వాలులో చెట్టూ పొదా నరికి, ఎండనిచ్చి, తొలకరికి ముందు కాల్చి, ఆ బూడిదలో సామ, చోడి, కంది చల్లుతారు. రెండు మూడు పంటలు తీశాక ఆ చెక్కను వదిలేసి ఇంకో చెక్కకు పోతారు. వదిలిన చోట మొదటి ఏడు గడ్డి, తర్వాత ముళ్లపొదలు, ఆ తర్వాత మొదళ్ల నుంచి లేచిన పిలకలు, వెదురు. పదేళ్లు పోతే మళ్లీ అడవి. అంటే ఒకే కొండ మీద ఒక చెక్క పంట, పక్క చెక్క గడ్డి, ఆ పక్కది తుప్ప, పైన ముదురు అడవి. కొత్తవాడికి అదంతా ఒకటే పచ్చదనం. ఏ చెక్క ఎన్నేళ్లనాటిదో, ఏ తుప్పలోంచి ఎటు దారి ఉందో దాన్ని నరికి పండించిన వాళ్లకే తెలుసు. గాం గంటం దొర, గాం మల్లు దొర లాంటి, కొండ ఊళ్ల మీద పెత్తనం ఉన్న ముఠాదారీ కుటుంబాల మనుషులు రాజు పక్కన ఉన్నారంటే అర్థం, ఆ కొండల లెక్క మొత్తం ఆయన పక్కన ఉందని.

సర్కారు ఆపాలని చూసింది సరిగ్గా ఆ పోడునే. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత కొండల్లో రిజర్వు హద్దులు ఒకటొకటే పైకి ఎక్కుతూ వచ్చాయి. గూడెం కొండల్లో అది ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో గట్టిగా తగిలింది. నరికితే జరిమానా, పశువులు దాటితే జరిమానా, వెదురు కొట్టితే జరిమానా. దాని మీద గూడెం తాసిల్దారు బాస్టియన్ ఘాటు రోడ్డు పనికి మనుషుల్ని తోలి, కూలి సరిగా ఇవ్వక పీడించాడు. అడవి మూసుకుపోయి, ఆ అడవిలోంచే రోడ్డు వెయ్యడానికి ఒళ్లు అరగదీసుకోవలసి వచ్చిన జనం రాజు వెనక నడిచారు.

ఈ తగువు కొత్తది కాదు. నలభై ఏళ్లకు ముందే, 1879 మార్చిలో, రంపలో మొదలైన పితూరీ, అంటే తిరుగుబాటు, వెనక ఒక చెట్టు ఉంది. అది జీలుగు. చెట్టుకు కట్టిన కుండలోకి దిగే కల్లు కొండవాళ్లకు తాగేదే కాదు, ఎండాకాలంలో కడుపు నింపేది కూడా. రంప మన్సబుదారు దాని మీద చిగురుపన్ను వేశాడు. పైగా ఆ వసూలు మైదానం నుంచి వచ్చిన గుత్తేదార్ల చేతికి పోయింది. రేకపల్లిలో కారణం నేరుగా పోడే. ఆ ప్రాంతం అంతకు ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. 1874లో మద్రాసుకు మారింది. మారగానే పోడు శిస్తు దాదాపు మూడింతలయింది, కొన్ని చోట్ల నరకడమే నిషేధమైంది. రంపలో నిప్పు లేవగానే రేకపల్లి కూడా అంటుకుంది. ఆ ఏడాది చివరికి ఆరు పదాతి రెజిమెంట్లు, రెండు సాపర్ల కంపెనీలు, అశ్వికదళం, హైదరాబాదు కంటింజెంటు సైన్యం ఈ కొండల్లోకి దిగాయి. జీలుగు చెట్టు అంత ఖరీదైనదని మద్రాసులో ఎవరూ అనుకుని ఉండరు.

జీలుగు పండ్లను పునుగుపిల్లులు తిని విత్తనాలను అడవంతా చల్లుతాయి. పన్ను కట్టాలన్న ఆలోచన వాటికి రాలేదు గనక ఆ చెట్టు ఇప్పటికీ రంప కొండల్లో ఎవరూ నాటకుండానే పెరుగుతోంది. నాటి పితూరీ నడిచిన అడవిలో కొంత భాగం ఇప్పుడు పాపికొండల నేషనల్ పార్కు. 1978లో అభయారణ్యంగా మొదలై 2008లో నేషనల్ పార్కయింది. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అడవిదున్నలు, ఎలుగుబంట్లు, చిరుతలు, తల మీద టోపీలాంటి ముక్కుతో మలబార్ హార్న్‌బిల్ పక్షులు, కొమ్మల మీదే బతుకు గడిపే బెట్టుడుతలు అక్కడ ఉన్నాయి. గోదావరికి ఇటు ఉత్తరాన కూసే అడవికోడి ఎర్రది. నది దాటి దక్షిణానికి పోతే బూడిదరంగు కోడి రాజ్యం. సరిహద్దు కట్టడంలో మద్రాసు సర్కారు కన్నా గోదావరే గట్టిది.

ఇక్కడ ఒక మనిషిని పరిచయం చెయ్యాలి. కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. సైన్యంలో వచ్చి, అడవిశాఖలో చేరి, 1882 దాకా మద్రాసు రాష్ట్ర అడవులకు పెద్దాధికారిగా ఉన్నాడు. దక్షిణాది చెట్ల మీద, ఫెర్న్ మొక్కల మీద ఆయన పుస్తకాలు ఈనాటికీ వృక్షశాస్త్రజ్ఞుల బల్లల మీద ఉంటాయి. పాములు, బల్లులు, కప్పలు ఎన్నింటికో మొదటి పేరు పెట్టింది ఆయనే. 1870వ దశకంలో మన అరకు కొండలకు ఉత్తరాన జయపురం కొండల్లో ఒక నేలబల్లి దొరికితే దాన్నీ వర్ణించాడు. ఒక్కటే నమూనా. ఆ తర్వాత ఆ బల్లి ఎవరి కంటా పడలేదు. ఒడిశా, ఆంధ్ర కొండల్లో మళ్లీ కనబడటానికి 130 ఏళ్లకు పైగా పట్టింది. ఈ అడవిని అంత ప్రేమగా చూసిన మనిషి నడిపిన శాఖే పోడు మీద కన్నెర్రజేసింది. ఆయన కాలపు వృక్షశాస్త్రానికి పోడంటే అడవిని తగలబెట్టే పాపం. బెడ్డోమ్‌ను దుర్మార్గుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. బల్లిని చూడగలిగిన కన్ను బల్లి పక్కన పోడు చేసుకుంటున్న కొండవాడిని చూడలేకపోయింది, అంతే.

సైన్యాలకు తుప్ప కన్నా పెద్ద శత్రువు ఇంకోటి ఉంది: చలిజ్వరం. 1879లో వచ్చిన రెజిమెంట్లలో తూటా తగలకుండానే పడకేసిన వాళ్లు లెక్కలేనంతమంది. అప్పటికి ఆ జ్వరం కుళ్లిన ఆకుల గాలి వల్ల వస్తుందనే నమ్మకం. దోమ సంగతి రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో తేల్చింది 1897 ఆగస్టులో. అదే ఏడాది జులై 4న పాండ్రంగిలో ఒక మగబిడ్డ పుట్టాడు, పేరు సీతారామరాజు. కాకతాళీయమే గానీ, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పాతికేళ్ల తర్వాత ఆ బిడ్డను వెతుక్కుంటూ వచ్చిన పోలీసులకు దోమ సంగతి తెలుసు, క్వినైన్ కూడా ఉంది. అయినా మన్యం జ్వరం వాళ్లను వదల్లేదు. ఈ కొండల్లో మలేరియా మోసే దోమ మురికి గుంటల్లో కాక, నెమ్మదిగా పారే తేట సెలయేళ్ల అంచుల్లో గుడ్లు పెడుతుంది. విడిది చెయ్యడానికి సిపాయిలు ఏరుకునే చోటూ అదే.

దామనపల్లి తర్వాత సర్కారు మలబార్ స్పెషల్ పోలీసును దింపింది. మలబారులో మోప్లా తిరుగుబాటు అణచడానికి కిందటేడే పుట్టిన దళం అది. వాళ్ల దగ్గర లూయీ గన్నులనే మెషిన్‌గన్నులున్నాయి. అయినా అక్టోబరు 15న అడ్డతీగల స్టేషను, 19న రంపచోడవరం స్టేషను మీదికి రాజు దళం వచ్చి వెళ్లింది. ముందుగా దాడి కబురుతో మిరపకాయ టపా పంపి మరీ వచ్చేవాళ్లన్న సంగతి మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. దెబ్బ తగిలింది డిసెంబరు 6న, పెద్దగడ్డపాలెం, లింగాపురం దగ్గర. ఆ రోజు దళం చాలామందిని పోగొట్టుకుంది. రెండూ ఊళ్ల పక్క నేలలు. ఊరి చుట్టూ నేల తెరిపిగా ఉంటుంది. ఘాటీలో లూయీ గన్నుకు కనబడేది పది గజాలు, ఊరి దగ్గర కనబడేది పొలం అవతలి గట్టు దాకా. రాజు ఓటమిని ద్రోహాల లెక్కలోనూ, దేవుడి లెక్కలోనూ రాసినవాళ్లున్నారు. తుప్ప ఉన్న చోటా లేని చోటా ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తేటపడతాయి.

1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చారు. కొండ అడవుల్లోనే పుట్టి పెరిగిన మనుషులు ఆ దళంలో ఉన్నారు. తుప్పను చదవగలిగిన సైన్యాన్ని తేవడానికి దొరతనానికి ఏడాదిన్నర పట్టిందన్నమాట. ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనరుగా వచ్చాక ఒత్తిడంతా ఊళ్ల మీదికి మళ్లింది. మే 7న మంప దగ్గర రాజును పట్టుకుని, కొయ్యూరులో కాల్చేశారు. నెల తిరిగేసరికి గంటం దొర కూడా పోయాడు. ఇద్దరి సమాధులూ కృష్ణదేవిపేటలో ఉన్నాయి. స్కాట్ కవర్డ్, హైటర్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

ఇక్కడితో సాధారణంగా పుస్తకం మూస్తారు. అడవి కథ మాత్రం అక్కడే ఇంకో మలుపు తిరిగింది.

రాజు పోయిన ఐదేళ్లకు, 1929లో, తూర్పు కనుమల్లో వెర్నే శాస్త్రీయ సర్వే మొదలైంది. ఆర్థర్ వెర్నే అనే ధనికుడు ఖర్చు పెట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున లా పెర్సోన్ పక్షుల్ని సేకరించాడు. వాటి మీద పక్షిశాస్త్రజ్ఞులు హ్యూ విస్లర్, కిన్నియర్ రాసిన వ్యాసాలు సొసైటీ జర్నల్లో ఏళ్ల తరబడి వచ్చాయి. సేకరణ చోట్లలో అనంతగిరి ఉంది, లంబసింగి ఉంది. చింతపల్లికి ఎక్కే ఘాటీ మీద ఉన్న ఆ లంబసింగే. నిన్నమొన్నటి దాకా లూయీ గన్ను మోగిన ఆ కొండల్లో ఈసారి పిట్టలకు తుపాకులు పేలాయి. అప్పటికి పక్షిశాస్త్రం అంటే కాల్చి, చర్మం వలిచి, చీటీ కట్టి భద్రం చెయ్యడమే. ఆ చర్మాల వల్లే 1930 నాటికి ఈ అడవుల్లో ఏముండేదో మనకు ఇప్పుడు తెలుస్తోంది. పితూరీ ఫైళ్లలో అడవి ఎలా ఉండేదో వెతికినా దొరకదు. అవి మనుషుల పేర్లు రాసుకున్నాయి, పిట్టలవి రాసుకోలేదు.

తర్వాత నలభై ఏళ్లకు విశాఖపట్నానికి చెందిన పక్షి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఈ ఘాటుల్ని జల్లెడ పట్టాడు. మన చరిత్రలో ఈ రాజు పేరు కూడా తెలియాలి. 1970వ దశకంలో ట్రెవర్ ప్రైస్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు ఇదే కనుమల్లో ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, ఎప్పుడు పోతుందో కనిపెట్టి 1979లో పెద్ద వ్యాసం రాశాడు. ఉత్తరాది చలికి తాళలేక వచ్చే పది గ్రాములైనా తూగని గ్రీనిష్ వార్బ్లర్ పిట్ట, ఈ అడవిలో తనకంటూ ఒక చెక్క గీసుకుని, శీతాకాలమంతా ఇంకో వార్బ్లర్‌ను అందులోకి రానివ్వదని ఆయన చూశాడు. హద్దుల కోసం పోరాటం ఈ కొండల్లో మనుషులతో మొదలవలేదు.

ఆ తర్వాత అమెరికా పక్షిశాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీ వచ్చి కృష్ణరాజుతో కలిసి పనిచేశాడు. వాళ్ల సేకరణలో ఒక విశేషం బయటపడింది. అబ్బాట్స్ బాబ్లర్ అనే మట్టిరంగు పిట్ట మామూలుగా ఈశాన్య భారతంలోనూ, అక్కడి నుంచి తూర్పు దేశాల్లోనూ ఉంటుంది. మధ్యలో వందల మైళ్లు ఖాళీ వదిలి, ఒక చిన్న జట్టు మాత్రం మన విశాఖ ఘాటుల్లో బతుకుతోంది. 1985లో రిప్లీ, ఇంకో పక్షిశాస్త్రజ్ఞుడు బీహ్లర్ కలిసి దాన్ని కొత్త ఉపజాతిగా ప్రకటించి కృష్ణరాజుయి అని పేరు పెట్టారు. ఒక తెలుగువాడి పేరు మోస్తున్న పిట్ట అది. ఎక్కడ ఉంటుందయ్యా అంటే చెట్ల కొనల్లో కాదు, సెలయేళ్ల పక్కన చిక్కటి తుప్పల్లో, నేలకు జానెడెత్తున. వినబడుతుంది గానీ కనబడదు. రాజు మనుషులకు ఏ నేల కావాల్సి వచ్చిందో దీనికీ అలాంటి నేలే కావాలి.

అందుకే యుద్ధభూమిని కాపాడాలనే మాట మన్యంలో అంత సులువైంది కాదు. అమెరికాలో గెటిస్‌బర్గ్ చూడండి. 1863 జులైలో మూడు రోజుల పోరు జరిగిన నేల అది. 1895లో సైనిక పార్కు చేశారు, 1933లో నేషనల్ పార్క్ సర్వీసు చేతికి ఇచ్చారు. వేట లేని ఆ నేలలో జింకలు పెరిగి పెరిగి, లేత మొక్క ఒక్కటీ బతకనివ్వకపోతే 1995 నుంచి వాటిని కాల్చి తగ్గించాల్సి వచ్చింది. ఆ పైన, యుద్ధం నాడు లేని చెట్లు మొలిచాయని వందల ఎకరాల్లో చెట్లు కొట్టేశారు, నాటి ఫిరంగి దళాలకు ఏం కనబడేదో ఇప్పటి యాత్రికుడికీ కనబడాలని. అక్కడ చరిత్రంటే చూపు దూరం పోవడం. దామనపల్లిలో చరిత్రంటే చూపు పోకపోవడం. అక్కడి లెక్కను ఇక్కడికి తెచ్చి తుప్పలు కొట్టి, గడ్డి పరిచి, బెంచీలు వేస్తే మిగిలేది పార్కు. యుద్ధభూమి పోతుంది, కృష్ణరాజుయి కూడా పోతుంది.

మరి ఇప్పుడు అక్కడ ఏముంది? చాలా చోట్ల కాఫీ. 1898లో తూర్పు గోదావరి కొండల్లో, పాములేరు లోయలో తొలి కాఫీ మొక్కలు నాటారు. 1960వ దశకంలో అటవీశాఖ చింతపల్లి వైపు తోటలు వేసింది. తర్వాత అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. పోడు మాన్పించడానికి గిరిజన రైతులకు కాఫీ ఇచ్చారు. ఇప్పుడు పాడేరు ఏజెన్సీలో లక్ష ఎకరాలకు మించి కాఫీ ఉంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నీడ కోసం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్, దాన్ని అల్లుకుని మిరియాల తీగ. పై నుంచి చూస్తే అడవే. పై కొమ్మల పిట్టలు కొన్ని సర్దుకుంటాయి కూడా. కింద మాత్రం తుప్ప ఉండదు. ఏటా కలుపు తీసి, కాఫీ వరసల మధ్య నేల శుభ్రంగా ఉంచుతారు. కాఫీ వద్దని చెప్పే హక్కు నాకు లేదు. చోడి జావతో ఏడాది గడిపిన ఇంట్లో కాఫీ డబ్బుతో పిల్ల నర్సింగు చదువుతోందంటే ఆ తోట విలువ నేను కట్టలేను. ఒక వాగు పొడవునా, ఒక ఘాటీ పొడవునా తుప్పను ఉండనిమ్మని మాత్రం అడగొచ్చు.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని దాటవేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. దామనపల్లి చుట్టూ ఈమాత్రం అడవి మిగలడంలో పెద్ద పాత్ర రిజర్వు ఫారెస్టు హద్దులది. ఆ హద్దుల మీద కోపంతోనే రాజు దళంలో చేరారు కొండవాళ్లు. అలాగని చట్టమే అడవిని కాపాడిందని చెబితే అదీ సగమే నిజం. 2015లో జీవో 97తో జెర్రెల బాక్సైట్ కోసం వెయ్యి హెక్టార్లకు పైగా రిజర్వు అడవిని ఇవ్వడానికి సిద్ధపడింది అదే చట్టాన్ని నడిపే ప్రభుత్వం. అడ్డుకుని రోడ్డెక్కింది చింతపల్లి, గూడెం కొత్తవీధి గిరిజనులు. 2019లో ఆ జీవో రద్దయింది. బ్రిటిషువాడు గీసిన గీతను ఆ గీత మీద తిరగబడ్డవాళ్ల మనవలు కాపాడారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆ ఊళ్లకు సామూహిక హక్కు పత్రాలు పూర్తిగా చేతికి వస్తే, ఏ తుప్ప ఉంచాలో ఏ చెక్క కొట్టాలో తేల్చేది వాళ్లే. దామనపల్లి ఘాటీకి వాళ్లకన్నా మంచి కాపలాదారు దొరకడు. లంబసింగి దగ్గర తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య యోధుల మ్యూజియం తలపెట్టారు. అందులో తుపాకుల పక్కన ఈ ఘాటీ నమూనా ఒకటి, పోడు చెక్కల వయసులతో సహా పెడితే బాగుంటుంది.

రేకపల్లికి ఆ అవకాశం కూడా లేదు. 1879లో పోడు శిస్తు మీద లేచిన ఆ నేల ఇప్పుడు వి.ఆర్.పురం మండలంలో ఉంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రలో కలిపిన ముంపు మండలాల్లో అదొకటి. నీళ్లు నిండేలోపు ఆ కొండల మీద ఎవరు ఎక్కడ నిలబడి పోరాడారో, శబరి ఒడ్డున ఏ అడవి ఉండేదో రాసుకోవాలి. 1879 పితూరీ నాయకులు తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డిల కథ వచ్చే భాగంలో.

(సశేషం)